దొరకి తగిన ఇల్లు

కూరగాయల మార్కెట్టు వెనక సందులో గంటమ్మ అంటే తెలియని మనిషి లేడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉండేది గానీ, దాన్ని జనం ఎప్పుడో మరిచిపోయారు. తెల్లవారుతూనే గుర్రబ్బండిలో కూరగాయల మూటలు వేసుకుని మాట్లాడుతూ బయలుదేరేది. దుకాణాలన్నిటికీ చేరవేసి, మాట్లాడుతూనే తిరిగొచ్చేది. ఎవరితో అంటారా? గుర్రంతో. మనుషులైతే మధ్యలో అడ్డం వస్తారు. గుర్రానికి ఆ దురలవాటు లేదు.

మాటలంటే ముద్దుమాటలు అనుకునేరు. అన్నీ తిట్లే. "ఓహో, దొరగారికి ఇవాళ ఈ సందు నచ్చలేదా? పల్లకీ పంపమంటారా? కాలు తియ్యరా, నా కాలు మీదేనా నీకు చోటు దొరికింది?" ఇలా అనగా అనగా దానికి దొర అనే పేరే ఖాయమైపోయింది. ముదురు గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్లమచ్చ, చూపులో ఊరంతా తనదేనన్నంత ధీమా. కొత్తవాళ్లు దగ్గరికొస్తే చొక్కా చెయ్యి పట్టి కొరికేది. బకెట్టు పెట్టిన తీరు నచ్చకపోతే ఒక్క తన్ను తన్నేది. నాడాలు కొట్టే మేస్త్రీ దొర వంతు వచ్చిన రోజున ఏరి ఏరి చిరుగుల చొక్కా వేసుకొచ్చేవాడు. గంటమ్మ దగ్గర మాత్రం అది కుక్కిన పేనులా పడి ఉండేది.

ఆ బండి మొదట ఆమె మొగుడిది. పెళ్లాం గుర్రాన్ని తిడుతుంటే అరుగు మీద కూర్చుని నవ్వేవాడు. "నేనైతే చెవులు మూసుకుంటానే. పాపం, దానికి చేతులు కూడా లేవు" అనేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అది హాస్యం. ఆయన పోయి పగ్గాలు తన చేతికొచ్చాక, ఆ మాటే గంటమ్మ గుండెలో ముల్లులా దిగింది. దొర ఇంత తిక్కగా తయారైందంటే అదంతా తన నోటి చలవేనని ఆమె నమ్మకం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తన నోరు మంచిది కాదు, అందుకే గుర్రం చెడింది. అలాగని నోరు ఆగిందా? అబ్బే.

ఇంతలో మోకాళ్లు మొరాయించాయి. బండి ఎక్కడం, దిగడం ఇక కుదరదని డాక్టరు తేల్చేశాడు. ఇది చాలదన్నట్టు, కొట్టం ఉన్న స్థలంలో కొత్త దుకాణాలు కడతామనీ, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలనీ యజమాని కబురు పెట్టాడు. సంగతి తెలిసి కూతురు పరిగెత్తుకొచ్చింది.

"మా ఇంటికి వచ్చెయ్యమ్మా. గది కూడా సర్ది పెట్టాను."

"వస్తాలే."

"కాకపోతే... మా ఆయన సంగతి తెలుసుగా, నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో చప్పుడంటే అలవాటు లేదు. నువ్వు కాస్త గొంతు..."

"కట్టేసుకుంటాలేవే నోరు. ఆమాత్రం తెలీదా నాకు?"

తన సంగతి సరే. కూతురింటి గదిలోకి దొరని వెంటబెట్టుకుపోవడం కుదరదు కదా. ఈలోగా ఎవరూ తీసుకోకపోతే ఇక ముసలి గుర్రాల్ని కొనే దళారి ఒక్కడే దిక్కు. అతని లారీ ఎక్కిన వయసు మళ్లిన గుర్రాన్ని మళ్లీ చూశామన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ లారీ సందు మొదట్లో కనబడితే చాలు, గంటమ్మ పోయి కొట్టం తలుపు మూసేసేది.

అందరికంటే ముందు అడిగింది మొక్కలమ్మే మొగుడూ పెళ్లాలు. సందు చివర వాళ్లకో చిన్న మొక్కలతోట ఉంది. రోజూ ఇద్దరూ కుండీల బండి తోసుకుంటూ ఆ దారినే పోతారు. తోసుకుంటూ పోట్లాడుకుంటారు, లేదా పోట్లాడుకుంటూ తోస్తారు. ఏది అసలు పనో చెప్పడం కష్టం.

"అక్కా, దొరని మాకిచ్చెయ్యి. ఈ బండి తొయ్యలేక చస్తున్నాం" అంది ఆవిడ.

"తోసేది నేను. నువ్వు పక్కన నడుస్తావంతే" అన్నాడు ఆయన.

"చూశావా అక్కా? చూశావా?"

గంటమ్మ చెయ్యి అడ్డం పెట్టేసింది. "చాలు తల్లీ. మీ కాకిగోలకి మీ గులాబీలే మొగ్గ విప్పడం మానేస్తాయి. వాడు ఇన్నాళ్లూ నా నోటపడి బతికాడు. ఇకనైనా ప్రశాంతంగా ఉండే చోటికి పంపుతాను."

అలా మొదట దొర తోట పెద్దాయన ఇంటికి వెళ్లింది. ఊరి బయట పెద్ద పండ్లతోట ఆయనది. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. గంటమ్మ స్వయంగా వెళ్లి అప్పగింతలు పెట్టింది. "అయ్యా, ఒక్కటే మాట. వీడి దగ్గర ఎవరూ గొంతు పెంచొద్దు. నిద్రపోయే పసిబిడ్డ ఇంట్లో ఉంటే ఎలా మసలుతారో, అలా మసలాలి." ఆయన మెల్లగా తలాడించాడు. తిరిగొస్తూ గంటమ్మ దారంతా కళ్లు తుడుచుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడ అరుస్తానో అని చూడలేదు కూడా.

వారం తిరక్కుండానే దొర గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. గడ్డి ముట్టలేదట. కొట్టం తలుపు చెక్కలు ఊడదన్నిందట. లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడి మీదికీ పళ్లు బయటపెట్టి వచ్చిందట.

"మేం గట్టిగా దగ్గను కూడా దగ్గలేదమ్మా" అన్నాడు పెద్దాయన, మహా బాధగా.

రెండోసారి పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పే బడి టీచరమ్మ ముందుకొచ్చింది. ఎలాంటి గుర్రమైనా తన దగ్గర దారికొస్తుందంది. గంటమ్మ మళ్లీ అదే పాఠం చదివింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. టీచరమ్మ దాన్ని అక్షరాలా పాటించింది. అయినా కొద్దిరోజులకే దొరని వెనక్కి తెచ్చింది. ఆవిడ చొక్కా చెయ్యి భుజం దాకా చిరిగి ఉంది.

"మీరేదో చేసుంటారు! ఊరికే కొరుకుతాడా వాడు?" అని గంటమ్మ నడివీధిలో లంకించుకుంది.

"మీరు చెప్పినట్టే చేశాను. మాట్లాడకూడదని బోర్డు కూడా పెట్టాం. మెత్తటి చెప్పులేసుకుని తిరిగాం. మీ గుర్రానికి కావలసిందేమిటో ఆ దేవుడికే తెలియాలి."

టీచరమ్మ వెళ్లిపోయాక కూడా గంటమ్మ ఆపలేదు. టీచరమ్మని, బడిని, తోట పెద్దాయనని, మోకాళ్లని, పోయిన మొగుణ్ణి కూడా వదలకుండా తిట్టింది. ఏడుపు రాకుండా ఆపుకోవడానికి ఆమెకి తెలిసిన ఉపాయం అదొక్కటే. నెలాఖరు ముంచుకొచ్చింది. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఆ అరుపులకి గొంతు బొంగురుపోయి, మర్నాడు లేచేసరికి పూర్తిగా పడిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

ఎప్పటిలాగే దాణా బకెట్టు పట్టుకుని కొట్టంలోకి వెళ్లింది. దొర చెవులు రెండూ వెనక్కి మడిచింది. గంటమ్మ ఇంకో అడుగు వేసింది. దొర గిర్రున తిరిగి వెనక కాళ్లు ఇటు పెట్టింది. ఆ సంగతి ఆమెకి తెలియంది కాదు, కొత్తవాళ్లకి జరగ్గా చూసిందే. తనకి జరగడం మాత్రం ఇదే మొదలు. బకెట్టు పెట్టి మెడ మీద చెయ్యి వెయ్యబోయేలోగా ఒక్క తన్నుతో బకెట్టు గోడకి తగిలి దాణా చెల్లాచెదరైంది.

గంటమ్మ అలాగే గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. వీడు నన్ను కూడా మరిచిపోయాడు అనుకుంది. ఆ మాట పైకి అనడానికి కూడా గొంతు లేదు. కళ్లనీళ్లు వాటంతటవే కారిపోయాయి.

సరిగ్గా అప్పుడే సందులో మొక్కల బండి చప్పుడైంది.

"కుడివైపు తొయ్యమన్నానా లేదా?"

"నీ కుడివైపా, నా కుడివైపా?"

"కుడికి కూడా వాటాలా! చేసుకున్నదాన్ని, అనుభవించాలి!"

"చేసుకున్నది నేను కూడానే!"

దొర చెవులు ఒక్కొక్కటిగా ముందుకొచ్చాయి. ముందు కుడిది, తర్వాత ఎడమది. తలుపు దాకా వెళ్లి, తల బయటపెట్టి, చిన్నగా సకిలించింది. పోట్లాట తలుపు ముందుకి వచ్చేసరికి దానికి బెదురు పూర్తిగా పోయింది. వెనక కాలొకటి సడలించి, కింది పెదవి వేలాడేసి, ఇంటికి చేరినవాడు చెప్పులు విడిచినంత హాయిగా నిలబడింది. ఆ తర్వాత నేలమీద పడిన దాణా ఏరుకుని తినడం మొదలుపెట్టింది.

గంటమ్మకి అన్నీ వరసగా తట్టాయి. మెత్తటి చెప్పులు, బోర్డు, దగ్గు కూడా దగ్గని తోట పెద్దాయన. పిల్లప్పటినుంచీ దొర చెవిన పడింది తన అరుపులే. మనిషి నోరు మోగుతుంటే ఎక్కడున్నాడో, ఏం చేస్తాడో దానికి తెలుసు. చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చేవాడంటేనే భయం. తన నోటివల్ల గుర్రం చెడిందని ఇన్నాళ్లూ కుమిలిపోయింది. తీరా చూస్తే దాని ప్రాణం కుదుటపడేదే ఆ నోటివల్ల. వచ్చినవాళ్లందరికీ చేటు చేసే సలహా తనే ఇచ్చి పంపింది. ఏడుస్తున్న మనిషికి అంతలోనే నవ్వొచ్చింది.

మోకాళ్ల సంగతి మరిచిపోయి బయటికి పరిగెత్తింది. మొక్కలమ్మే ఆయన చొక్కా పట్టుకుని, దొరవైపు చూపించి, చేతులు ఊపింది.

"బండి అడ్డం తియ్యమంటోంది అక్క" అన్నాడు ఆయన.

"కాదు, మంచినీళ్లు కావాలట. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

"మంచినీళ్లకి గుర్రాన్ని చూపిస్తారా ఎవరైనా?"

"బండికి మాత్రం చూపిస్తారా?"

గంటమ్మ ఇక లాభం లేదని లోపలికెళ్లి, దొరని విప్పుకొచ్చి, తాడు ఆవిడ చేతిలో పెట్టింది. జీవితంలో మొదటిసారి ఆ ఇద్దరూ ఒకేసారి నోరు మూశారు. దొర వెంటనే చెవులు వెనక్కి మడిచింది. గంటమ్మ కంగారుగా, మాట్లాడండి మాట్లాడండి అని చేత్తో సైగ చేసింది.

సాయంత్రం మొక్కలతోటలో దొరకి చోటు చూపించారు. నీళ్లతొట్టి నీడలో పెట్టాలా, ఎండలో పెట్టాలా అన్నదానిమీద యుద్ధం సాగుతోంది. సామాను తీసుకెళ్లడానికి వచ్చిన అల్లుడు కూడా అక్కడే కుండీల మధ్య నిలబడి అంతా చూశాడు. దొర ఇద్దరి మధ్యా నిలబడి తీరిగ్గా గడ్డి నములుతోంది.

"మా ఇంట్లో కాకిగోలన్నావుగా అక్కా?" అంది ఆవిడ, కొంచెం దెప్పుతూ.

గంటమ్మ గొంతు పెకల్చుకుని గుసగుసగా అంది. "వాడికి తెలిసిన గోల అదేనే పిల్లా."

దొరకి ఇల్లు కుదిరింది. గంటమ్మ మనసు తేలికపడింది. కూతురింట గంజి పెట్టిన దుప్పటి, పూలకుండీలున్న వరండా, వేళకి భోజనం అన్నీ అమరాయి. గొంతు కూడా బాగైంది. అయినా ఇచ్చిన మాట ప్రకారం దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. అవును, కాదు, చాలు, ఇంతే మాటలు. కంచంలో పెట్టింది కెలికి లేచిపోయేది. కూతురు నుదురు పట్టి చూసి, జ్వరమేమీ లేదే అని వాపోయేది. ఇల్లు మారితే అలాగే ఉంటుందిలే అని గంటమ్మ తనకి తనే సర్దిచెప్పుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం అల్లుడు స్నానం చేసి, కాళ్లు తుడుచుకోకుండా నేరుగా ముందుగదిలోకొచ్చాడు. అప్పుడే తుడిచిన నేలమీద ఈ చివరినుంచి ఆ చివరికి తడి అడుగులు పడ్డాయి. వచ్చి గంటమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"చూశారా అత్తయ్యా?"

గంటమ్మ నేలవైపు చూసి, కళ్లు తిప్పుకుంది. "ఫరవాలేదు బాబూ."

"ఫరవాలేదు కాదు. దొరైతే ఏమనేవారు?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన చాలా మొహమాటంగా, కదలకుండా నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఇంత పొడుగు మాటలు ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు.

"గుర్రానికి ఇల్లు వెతికారు. మీకెవరు వెతుకుతారు?" అన్నాడు నెమ్మదిగా.

గంటమ్మ గొంతు సవరించుకుంది.

"కళ్లు నెత్తికెక్కాయా దొరా? ఇప్పుడే కదా తుడిచింది! ఈ నేల తమరి తాతగారి చెరువా? కాళ్లు తుడుచుకోవడానికి పల్లకీ పంపాలా?"

వంటింట్లోంచి కూతురు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, కొయ్యబారిపోయి నిలబడింది. అల్లుడు గుడ్డ తెచ్చి నేల తుడుస్తున్నాడు. పైనుంచి గంటమ్మ, అక్కడ వదిలేశావు, ఇక్కడ వదిలేశావు అని చూపిస్తూనే ఉంది. అలా మాట్లాడుతూనే భోజనానికి కూర్చుంది. మాట్లాడుతూనే అన్నం మళ్లీ అడిగి పెట్టించుకుంది.