గంప పట్టని రైలుపెట్టె

మా అమ్మ రోజూ బనగానపల్లెలో ప్యాసింజరెక్కి, నంద్యాలలో మామిడికాయలు అమ్ముకొచ్చేది. పాత పెట్టెల్లో తలుపు దగ్గర వెడల్పుగా జాగా ఉండేది. గంప అక్కడ దింపి, పక్కనే కింద కూర్చునేది. దిగేటప్పుడు తలుపు దగ్గర ఎవరుంటే వాళ్లు ఓ చెయ్యేసి గంప తలకెత్తేవాళ్లు. దానికి పరిచయం అక్కర్లేదు.

మా లైనుకు కొత్త పెట్టెలు ఎంచుతున్నామని రైల్వేవాళ్లు నమూనాకొకటి స్టేషన్లో నిలబెట్టి, రోజూ ఎక్కేవాళ్లను చూసి చెప్పమన్నారు. అమ్మకు పెళ్లి పిలుపొచ్చినంత సంబరం. తలస్నానం చేసి, దాచుకున్న చీర కట్టి బయల్దేరింది.

"గంప లేకుంటే నిన్ను బండి గుర్తుపడుతుందా?" అని ఏడిపించాను.

"కొత్త బండికి కాయల సొన అంటితే బాగుంటాదా? మనకు మర్యాద తెలీదనుకుంటారు," అంది.

కాయలమ్మే ఆడవాళ్లంతా అలాగే వచ్చారు, ఉత్త చేతులతో. చెప్పులు ప్లాట్‌ఫారం మీదే విడిచి ఎక్కారు. మెత్తటి సీట్లు ఒత్తి చూసి మురిసిపోయారు. వచ్చిన అధికారి అడిగింది ఒక్కటే: సీట్లు నీలం రంగువి కావాలా, ఆకుపచ్చవా?

"ఆకుపచ్చవే పెట్టండి సారూ, కంటికి సల్లగుంటాది," అంది అమ్మ. ఆయన నవ్వి తలూపాడు. ఆ తలూపుడు గురించి వీధంతా చెప్పుకుంది.

కొత్త బండి వచ్చిన రోజు నేనూ స్టేషన్‌కు వెళ్లాను. సీట్లు ఆకుపచ్చవే. తలుపు మధ్యలో పట్టుకోవడానికో ఇనుప కడ్డీ, నమూనా పెట్టెలో ఉన్నలాంటిదే. గంప దానికి తగులుకుని ఎటు తిప్పినా లోపలికి పోలేదు. లోపలున్నవాళ్లు చేతులు చాచారు గానీ ఏం లాభం? "దారికి అడ్డం, దిగమ్మా," అన్నారు వెనక ఎక్కేవాళ్లు. దిగింది. తలుపు దానంతటదే మూసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కేవాళ్లను అడిగే ఎంచామని చెప్పుకుంటారు. అడిగారు, నిజమే. రంగు అడిగారు. ఆ ఉత్త చేతులు చూసి, గంప ఏదమ్మా అని అడగాలని ఒక్కడికీ తోచలేదు.

ఇప్పుడు అమ్మ ఊరి రైలుగేటు పక్కన కూర్చుంటోంది. గేటు పడితే ఆగినవాళ్లే బేరం. బండి పోతుంటే కిటికీల్లోంచి సీట్లు కనబడతాయి. "ఆ రంగు నేను చెప్పిందేనప్పా," అంటుంది కొనేవాళ్లతో. ఇప్పటికీ గర్వంగానే అంటుంది. నాకు మింగుడుపడనిది అదే.