జాయింటు మీద పౌడరు

ఎనభైలలో ఆత్మకూరులో మాకు కూల్‌డ్రింకుల అంగడి ఉండేది. వాటర్ కూలరుకు నీళ్లొచ్చే ట్యూబు కారితే ఉదయగిరి నుంచి మెకానిక్ సాయిబు వచ్చేవాడు. కొత్త ట్యూబు వేశాక, "అక్కా, మొగానికేసుకునే పౌడరు రోంత ఇయ్యి," అనేవాడు. దాన్ని జాయింటు చుట్టూ అద్ది, "చుక్క దిగితే గీత పడతాది," అంటూ ఎదురుగా కూర్చునేవాడు. చేతికి మిగిలింది దులిపేయడు, బుగ్గలకు రాసుకునేవాడు. నాకు నవ్వొచ్చేది.

భార్య పోయాక మొదటిసారి వచ్చినప్పుడూ అంతే చేశాడు. కాసేపటికి వంగి చూసి, "లీకు లేదక్కా, గీతే పడలా," అన్నాడు.

నిజమే, జాయింటు తెల్లగానే ఉంది. గీత అతని బుగ్గ మీద పడింది.

నా చూపు గమనించి, "చెమటక్కా," అన్నాడు.