ఆశన్న తోమిన తూటాలు

ఎనభై మూడుల అబుదాబి కాడ మా ముసఫ్ఫా రూంల ఆశన్నది ఎవ్వరికి లేని కొలువు. మేమంతా ఇనుము మోస్తుంటే, ఆయన వీసా ఇచ్చిన అరబ్బు సేటు, కఫీల్ ఇంట్ల పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు తోమేటోడు. కఫీల్‌కు గురిపోటీల పిచ్చి. వాడిన గొట్టాలనే కడిగిచ్చి, మళ్ల మందు నింపి కాల్చేటోడు. ఆశన్న ఒక్కో గొట్టం అడుగున పేలిన బిళ్లను పొడిచి తీసి, చింతపండు నీళ్లల్ల తోమి, మంచినీళ్లతోని కడిగి ఆరబెట్టాలె. మూతి పగిలిందా అని ఎలుగుకు పట్టి చూడాలె. కొంచెం మసి మిగిలినా కఫీల్ ఆశన్న మొకం మీదికే ఇసిరికొట్టేటోడు.

ఊర్లె మాత్రం "తుపాకుల కాడ పని" అని చెప్పుకున్నడు. భార్య సమ్మవ్వ భయపడ్డది. "ఆ తుపాకులు నీకెందుకు, ఇడిచిపెట్టి రా" అని ఉత్తరానికి బదులు క్యాసెట్‌ల ఏడ్చి పంపింది.

ఓ శుక్రారం ఆశన్న యాష్టకొచ్చి ఉన్నదున్నట్టు టేపుల చెప్పిండు. "తుపాకి లేదు, పాడు లేదు. నువ్వు బిందెలు తోమినట్టే తోముతున్న. పులుపుకు చేతి ఏళ్లు పగిలినయ్. కూసొని కూసొని నడుం ఇరిగిపోతున్నది."

నెలకు జవాబు క్యాసెట్ వచ్చింది. అందరం చుట్టూ కూసొని ఇన్నం. సమ్మవ్వ ముందుగాల నవ్వింది. ఆగకుంట నవ్వింది. తర్వాత మెల్లగ అన్నది:

"నాకు పెండ్లయిన కాన్నుంచి చేతి ఏళ్లు పగులుతనే ఉన్నయ్. ఒక్కనాడన్న అడిగినవా?"

ఆశన్న టేపు బందు చేసిండు. మా అందరి ఇండ్లల్ల ఇత్తడి బిందెలే.