గొజ్జగి అంటే ఏ పువ్వు?

పుష్పావతికి పుట్టుకతోనే చూపు లేదు. గుమ్మఘట్ట దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, నాతోపాటు ఎమ్మే చదివి, ఇప్పుడు పక్క ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతోంది. మొన్న పిల్లలు పద్యంలో ‘గొజ్జగి’ దగ్గర ఆగి, “ఏ పువ్వు టీచర్?” అన్నారు. “రేపు చెబుతా” అంది. ఆ మాట అనాల్సి వస్తే తనకు ఒళ్లు మండుతుంది.

ఇదివరకు నాకు ఫోన్ చేసేది. నేను నిఘంటువు తీసి చదివేదాన్ని. “నువ్వు ఫోనెత్తకపోతే నా పాఠం నిలబడిపోవాల్నా?” అని ఒకసారి కసిరింది. అందుకే బ్రెయిలీ యంత్రం తెప్పించుకుంది. ఫైలు ఎక్కిస్తే అందులోని మాటలు చుక్కలై వేళ్ల కింద లేస్తాయి. ఇక కావలసింది నిఘంటువే.

అనంతపురంలో దాన్ని అచ్చువేసిన సంస్థలో శ్రీనివాసులు అనే ఉద్యోగి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. ఇంటికొచ్చి పెడితే ఒక్క చుక్కా లేవలేదు. అవి పేజీల ఫోటోలు. మళ్లీ బస్సెక్కింది. ఈసారి అచ్చుకు పంపిన ఫైలే ఇచ్చాడు. చుక్కలు లేచాయి గానీ, అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. పాత ఫాంటులో కొట్టిన పుస్తకమది. తెర మీద మాత్రమే తెలుగు, ఫైలు లోపలంతా ఇంగ్లీషు గుర్తులే.

పిల్లలు గొజ్జగి అడిగిన రోజే, మూడోసారి, యంత్రంతోపాటు నన్నూ వెంటబెట్టుకెళ్లింది.

“ఈడ చూడమ్మా, ముత్యాల మాదిరి ఉండాది అక్షరం!” అంటూ శ్రీనివాసులు తెరను ఆమె వైపు తిప్పాడు.

“ఎవరికి చూపిస్తాండావన్నా?”

ఆయన నాలుక కరుచుకున్నాడు. “అయితే ఇంట్లో ఎవురితోనన్నా చదివించుకోరాదా?”

“నువ్వు పేపరు నీ పెండ్లాంతో చదివించుకుంటాండావా?”

పక్క బల్లల వాళ్లు నవ్వారు. ఆయన మొహం ముడుచుకుని, పుస్తకమంతా మార్చాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలన్నాడు.

“అంతా వద్దు. రేపు నాకు క్లాసుండాది. గొజ్జగి ఒక్కటి కొత్త ఫాంటులో కొట్టియ్యి. అంతదాకా ఈన్నే కూర్చుంటా.”

బల్ల మీది పుస్తకం నేను అందుకున్న చప్పుడు విని, “నువ్వు చెప్పాకు” అని ఆపింది.

శ్రీనివాసులు విసుక్కుంటూనే కొట్టి, యంత్రంలోకి ఎక్కించాడు. పుష్పావతి వేళ్లు మెల్లగా జరిగాయి. ఎవరి గొంతూ అడ్డు లేకుండా నిఘంటువు చదవడం అదే మొదలు. వేళ్లు మళ్లీ మొదటికొచ్చాయి.

గొజ్జగి: గొజ్జంగి చూడుము.

“ఏమప్పా, ఇంతేనా?”

“పుస్తకంలో అంతే ఉండాది తల్లీ. అర్థం ఆ మాట కింద ఇచ్చినారు.” గడియారం చూసుకున్నాడు. “రేపు రామ్మా, అదీ కొట్టిస్తా.”

పుష్పావతి కుర్చీని ఇంకాస్త ముందుకు లాక్కుంది.

“రేపు నేను పిల్లోళ్లకు చెప్పాల. కొట్టన్నా.”