తాళం వేసిన వైఫై

డిగ్రీ అయిన కొత్తలో, బీరంగూడలోని మా ఇంటి నుంచే ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చున్నాను. ఇళ్లలో వైఫై సమస్యలు సరిచేసే ఉద్యోగం. మా ఇంట్లో ఇల్లంతా సిగ్నల్ అందించే మూడు మెష్ వైఫై డబ్బాలున్నా నా మాటే ముక్కలు ముక్కలుగా పోతోంది.

“సిగ్నల్ సరిగా రాకపోతే ముందు ఏం చూస్తారు?” అడిగారు ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్.

“డబ్బా ఎక్కడుందో చూస్తానండీ” అంటూ ల్యాప్‌టాప్‌తో హాల్లోకి పరిగెత్తాను. అక్కడి పెద్ద డబ్బా ఇనుప పెట్టెలో ఉంది. పెట్టెకు తాళం!

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో వెల్డరైన నాన్న మురిసిపోతూ అన్నాడు. “దుమ్ము పడ్తదని నిన్ననే చేసిన బిడ్డా. ఎట్లుంది?”

“మస్తుంది బాపూ. దుమ్ము లోపలికి పోదు, సిగ్నల్ బయటికి రాదు. జల్దీ తాళం తియ్!”

పెట్టె తెరవగానే మేడమ్ నవ్వు స్పష్టంగా వినిపించింది.

ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా, ముందు ఆ ఇంటాయన ఏ ఫ్యాక్టరీలో ఏం పని చేస్తాడో కనుక్కుంటున్నాను.