ఎముకతో విన్న మామ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, పాకాలలో నేను చర్చికి బయలుదేరుతుంటే చిత్తూరు నుంచి అత్త ఫోను చేసింది. "మీ మామ లేయలేదప్పా" అంది. మా అమ్మ తమ్ముడు, నాకు గిటార్ పట్టుకోవడం నేర్పిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయాడు.

చిత్తూరులో వాళ్ళ చర్చి పాటలకు ఏళ్ళ తరబడి గిటార్ వాయించింది ఆయనే. అరవై దాటాక చెవులు మందగించాయి. చెవికి మిషన్ పెట్టిస్తే మాటలు వినపడేవి గానీ, పాట మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు ఉండేదట. ఒక ఆదివారం పాట అయిపోయినా ఆయన ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే ఆయనకు గట్టిగా తగిలింది. గిటార్ ఎవరికో ఇచ్చేసి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నలభై దాటాక నాకు ఎలక్ట్రిక్ గిటార్ మీద మనసు పోయింది. కొనడానికి తోడు రమ్మంటే, "చెవిటోన్ని పిల్సకపోయి ఏం సేస్తావురా?" అని మొహం తిప్పుకున్నాడు. అత్తే ఉతికిన చొక్కా తెచ్చి చేతిలో పెట్టి పంపింది.

తిరుపతి అంగడిలో నా కన్ను తళతళలాడే ఎర్ర గిటార్ మీద, దాని సౌండు పెంచడానికి పక్కనున్న బీరువా అంత పెట్టె, అదే ఆంప్, మీద పడింది. "రంగు సూసి ఎద్దును కొంటారా యాడన్నా?" అని మామ నన్ను పక్కకు నెట్టాడు. వైరు తగిలించబోయిన అంగడాయన్ని కూడా ఆపాడు. "ఉండబ్బా. మొదట కరెంటు లేకుండా పలకల్ల."

ఒక్కో గిటార్ తీసి ఒక తీగ మీటేవాడు. తీగలు బిగించే మరలుంటాయే, ఆ కొసను చెవి వెనక ఎముకకు ఆనించుకునేవాడు. ఎవరూ మాట్లాడొద్దని చెయ్యి పైకెత్తి, మోత పూర్తిగా ఆగాకే దించేవాడు. ఎర్రదానికి చెయ్యి ఎత్తీ ఎత్తకముందే దించేశాడు. మూలనున్న ఒక మట్టిరంగు గిటార్ దగ్గర మాత్రం ఆ చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. కళ్ళు తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"ఇనపడతా ఉండాదిరా" అన్నాడు. "మోగేది ఎవురైనా ఇంటారు. ఆగిపోయేటప్పుడు యాడిదాకా పోతాదో ఇనల్ల."

ఆంప్‌కూ పరీక్ష పెట్టాడు. సౌండు బాగా తగ్గించి, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. చివరికి చంకలో పట్టేంత పెట్టె ఒకటి తేల్చాడు. "ఇంట్లో వాయించేదానికి తిరనాళ్ళ మైకెందుకు? సన్నంగా పెట్టినా తేటగా పలికితే సాలు. వాయించకుండా ఊరికే ఉన్నప్పుడు గొణిగే పెట్టె వద్దేవద్దు. గొణిగేదానికి ఇంట్లో మీ అత్త ఉండాది."

ఆ తర్వాత శనివారాలు చిత్తూరు నుంచి బస్సులో పాకాలకు వచ్చేవాడు. నా ఎడమ పక్కన స్టూలు వేసుకుని, గిటార్ కొసకు తల ఆనించి కూర్చునేవాడు. ఆంప్ వేయబోతే, "అది నీకు, ఇది నాకు" అనేవాడు. వేలు తప్పితే తల ఎత్తకుండానే నా మోకాలి మీద తట్టేవాడు. నా వాయింపు అంతంత మాత్రమేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆయనకు మిగిలిన సంగీతం అదొక్కటే. అందుకే శుక్రవారం వచ్చిందంటే భయంభయంగా సాధన చేసేవాణ్ణి. ఇప్పుడు శుక్రవారాలు ఏం చెయ్యాలో తోచడం లేదు.

మామను తలుచుకుని ప్రార్థన చేసేందుకు చిత్తూరులో జరిగిన ఆదరణ కూడికకు గిటార్, ఆంప్ తీసుకెళ్ళాను. అందరూ పాడారు, నేను వాయించాను. వచ్చినవాళ్ళంతా వెళ్ళాక అత్త స్టూలు లాక్కుని నా ఎడమ పక్కకు వచ్చింది.

"యాడ ఆనించేవాడప్పా?"

చూపించాను. ఆంప్ ఆపేశాను. అత్త కొప్పు పక్కకు జరుపుకుని, చెవి వెనక ఎముకను గిటార్ కొసకు ఆనించింది. నేను లావు తీగను ఒక్కసారి మీటాను.

"ఇదా ఆయన ఇనింది" అంది. ఏదో చెప్పబోయాను. మామ లాగే చెయ్యి పైకెత్తి నన్ను ఆపింది.

తీగ అదిరి అదిరి, సన్నబడి, ఆగిపోయింది. అత్త చెయ్యి దించలేదు.