రెండు రోజులు అని రాశాను

ఏడేళ్ళుగా ఒక అంకె నా గుండె మీద కూర్చుని ఉంది. పెద్ద అంకె కూడా కాదు. రెండు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. తెలిసినవాళ్ళయితే ఈపాటికి నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకుని ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. ఆ విద్య నాకు బాగా వచ్చు.

నేను ఇంజినీరుని. వరదొస్తే ఊరు ఎంత మునుగుతుంది, మునిగాక ఎన్నాళ్ళకు తేరుకుంటుంది అని కంప్యూటర్లో మోడల్ కట్టే పని నాది. అప్పట్లో రాజమండ్రి వంతు వచ్చింది. గోదావరి పొంగినప్పుడు ఏటి నీళ్ళు ఊళ్ళోకి ఎగదన్నకుండా డ్రెయిన్ల తూములు మూసేస్తారు. అదే సమయంలో ఊళ్ళో వాన పడిందా, ఆ నీళ్ళకు పోయే దారి ఉండదు. మోటార్లు పెట్టి తోడాల్సిందే. కొత్తగా వచ్చే మోటార్లు ముందు ఏ పేటకు పెట్టాలో మా మోడల్ చెప్పాలి. మునగడం సంగతి వానా పల్లమూ చెప్పేస్తాయి. తేరుకోవడం సంగతి మాత్రం మనుషుల్నే అడగాలి. అందుకని ఇంటింటికీ వెళ్ళి ఒక ప్రశ్న అడగమన్నారు: పోయినసారి నీళ్ళొచ్చాక మామూలు స్థితికి రావడానికి ఎన్ని రోజులు పట్టింది?

ఊరి చివర పల్లంలో ఉన్న ఒక పేట నాకు వచ్చింది. పేరు రాయను. నలభై ఇళ్ళుంటాయి. మొదటి ఇంట్లో సువార్తమ్మగారని, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేవారు. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశారు.

“మామూలుగా అవ్వడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ?”

“ఎన్నాళ్ళేంటండి, రెండ్రోజులు. నీళ్ళు లాగేశాయి, కడుక్కున్నాం, అయిపోయింది. పర్లేదండి. మీరు ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి.”

“మరి కుట్టుమిషను?”

“అదీ బాగుపడిపోద్ది లెండి.”

ఆవిడ మాట్లాడుతుంటే నా కళ్ళు ఇల్లంతా తిరిగాయి. నీళ్ళొచ్చి అప్పటికి నెల దాటింది. గోడ నడుము దాకా ఇంకా తడి. మంచం కోళ్ళ కింద ఇటుకలు అలాగే ఉన్నాయి. మిషను చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పక్కన సగం కుట్టి వదిలేసిన నీలం గుడ్డ, బురద మరకలతో. ఇదంతా చూశాను. చూసి, రెండు అని రాశాను.

నాకు తెలియదా? నేనూ ఈ నేల మనిషినే. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. ఒక ఏడాది కోతకొచ్చిన చేను నీళ్ళలో పడి మొలకెత్తిపోయింది. నష్టం చూడ్డానికి వచ్చిన ఆఫీసరుతో మా నాన్న “ఏదో, పర్లేదండి” అని, కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చి సాగనంపారు. ఆ పూట ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. ఇంటికొచ్చిన మనిషి ముందు కష్టం చెప్పుకోవడం మావైపు మర్యాద కాదు. ఆ మాట జవాబు కాదని, వట్టి పలకరింపని మా టీమ్‌లో తెలిసింది నా ఒక్కదానికే. తెలిసీ రాశాను కదా!

ఇంకో నాలుగిళ్ళు తిరిగాను. అదే మాట. తర్వాత చర్చి మెట్ల మీద కూర్చుని, తిరగని ఇళ్ళన్నింటికీ రెండు, రెండు, రెండు అని నింపేశాను. ఎండ మండిపోతోంది అనుకున్నాను. మర్నాటికి మ్యాప్ ఇచ్చేయాలి అనుకున్నాను. అవి అబద్ధాలా? కావు. కానీ అసలు సంగతి అవి కాదు. ఇంకో ఇంట్లో అడుగు పెడితే ఇంకో తడిగోడ చూడాలి, చూస్తే రాయాలి, రాయాలంటే వాళ్ళిచ్చిన ప్రశ్నే తప్పని పైవాళ్ళతో పేచీ పెట్టుకోవాలి. నాకు అప్పుడు మంచిపేరు కావాలి. అంతే.

మ్యాప్‌లో ఆ పేట ముదురు ఆకుపచ్చ రంగులో వచ్చింది. ఊళ్ళో అందరికంటే త్వరగా తేరుకునే పేట! మీటింగులో ఒక పెద్దాయన దాన్ని చూపించి, వీళ్ళను చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను. మోటార్ల జాబితాలో ఆ పేట చిట్టచివరికి పోయింది. మొదటి మోటారు, నెల రోజులు పట్టిందని ఫోన్లు చేసి మరీ రాయించుకున్న మేడల వీధికి వెళ్ళింది.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ తూములు మూశారు. మళ్ళీ వాన. ఆ పేటలో నీళ్ళు పదిరోజులు కదలలేదు. సువార్తమ్మగారు కుట్టుపని మానేసి కడియం నర్సరీల్లో కూలికి వెళ్తున్నారని, మా ఆఫీసు ఊడ్చే ఆవిడ మాటల్లో చెప్పింది. ఆవిడదీ ఆ పేటే. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? విప్పలేదు. ప్రమోషన్ వచ్చింది. ఆ మోడల్ గొప్పతనం గురించి కాలేజీల్లో ఉపన్యాసాలు కూడా దంచాను.

ఈ ఏడాది ఆ మోడల్‌నే కొత్తగా చేయమన్నారు. పాత అంకెలే వాడేద్దాం మేడమ్ అంటూ మావాళ్ళు పట్టిక తెచ్చి నా ముందు పెట్టారు. గడి తర్వాత గడి, అదే రెండు. ఒక్క సంతకం పెడితే మళ్ళీ గట్టెక్కేసేదాన్ని. ఎందుకు పెట్టలేదో నాకు సరిగ్గా తెలియదు. ధైర్యం అని చెప్పుకోను. మోసి మోసి అలిసిపోయాననుకుంటాను.

పైవాళ్ళకు ఉత్తరం రాశాను. ఈ పేట అంకెలు తప్పు, పొరపాటున పడ్డవి కావు, తెలిసి వేసినవి, వేసింది నేను అని. నన్నేం చేస్తారో ఇంకా తేలలేదు. జాబితా మాత్రం ఆపేశారు. పేటంతా మళ్ళీ తిరగమన్నారు. ప్రశ్న కూడా మార్చాం. పోయినసారి నీళ్ళొచ్చాక సొంత పొయ్యి మీద ఎప్పుడు వండారు? నేల మీద పక్క ఎప్పుడు వేసుకున్నారు? మళ్ళీ పనిలో ఎప్పుడు పడ్డారు? మర్యాదకు లొంగని ప్రశ్నలు ఏరి ఏరి పెట్టాం.

నిన్న పొద్దున్న సువార్తమ్మగారింటికి నేనే వెళ్ళాను. ముందు ఆ రెండు సంగతి చెప్పాను. మీరు మర్యాదకు అన్న మాట అని తెలిసే రాశాను, మీకు మోటారు రాకపోవడానికి కారణం నేనే అని. ఆవిడ పర్లేదనలేదు. క్షమించాననలేదు. లోపలికి వెళ్ళిపోతారనుకున్నాను.

“సరే, రాసుకోండి,” అన్నారు.

పొయ్యి, పంతొమ్మిదో రోజు. నేల మీద పక్క, మూడు నెలలకు. మళ్ళీ పనిలో ఎప్పుడు పడ్డారని అడిగాను.

“కుట్టుపని ఇంకా మొదలెట్టలేదండి. అలాగే రాయండి.”

ఆ గడి అంకెలు తప్ప మాటలు తీసుకోదు. మోడల్ మార్చాలి. మారుస్తాం. “ఇంకా లేదు” అని రాసి ఆవిడకు చదివి వినిపించాను. విని, తల ఊపి, తలుపు వేసుకున్నారు.

వీధిలో నిలబడ్డాను. ఏడేళ్ళలో మొదటిసారి గుండె నిండా ఊపిరి ఆడింది. ఇంకా ముప్పై తొమ్మిది ఇళ్ళున్నాయి. పక్కింటి తలుపు తట్టి, తీసిన ముసలాయనకు నమస్కారం పెట్టి, మొదటి మాటగా అదే చెప్పాను.

“ఆ రెండు రోజులని రాసింది నేనేనండి.”